ముప్ఫై ఎనిమిది మంది, నలభై ఒక్క ఓట్లు

మా సోషల్ మాస్టారి పన్నెండో రోజు భోజనాలకు వెళ్లాను. విశాఖ పాతనగరంలో, కురుపాం మార్కెట్ దాటాక సముద్రం వైపు దిగే సందుల్లో ఉంది ఆ ఇల్లు. అక్కడ గాలి ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది, తలుపులు ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉంటాయి. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ కాస్త తూలి, కిందికి వంగి చేతికి అందినదాన్ని పట్టుకున్నాను. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన రాయి అది. లేచి చూసుకుంటే అరచేయంతా ఎర్రగా అయింది. ఎందుకో వాసన చూశాను. మట్టికీ తుప్పుకీ మధ్య ఉండే వాసన.

ఈ రాయి నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో మాస్టారి బల్ల మీద, హాజరుపట్టీ ఎగిరిపోకుండా ఉండేది ఇదే.

"అదా? నాన్నగారు రిటైరైన రోజున సంచిలో వేసుకుని తెచ్చుకున్నారు. సన్మానంలో ఇచ్చిన శాలువా అక్కడే మరిచిపోయి వచ్చారు," అన్నారు మాస్టారి పెద్దమ్మాయి. మేము అక్కయ్యగారు అనే పిలిచేవాళ్లం, ఇప్పుడూ అలాగే పిలిచాను.

*

ఆ రాయిని తెచ్చింది కంచరపాలెం నుంచి వచ్చే కుర్రాడు. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసేవారు. పట్టాల పక్కన దొరికిందని జేబులో వేసుకు వచ్చాడు. దాని బరువుకు జేబు కుట్లు ఊడి, లాగు ఒక పక్కకు జారుతూ ఉంటే పట్టుకుని నడిచాడు. మరో మాస్టారైతే వీపు పగలగొట్టేవారు. ఈయన రాయిని వరసగా అందరి చేతికీ ఇచ్చి మోయించారు.

"ఇంత చిన్న రాయి ఇంత బరువెందుకుంది?"

"ఇనుముందండీ అందులో."

"ఎక్కడి నుంచి వచ్చింది?"

ఎవరికీ తెలియదు. అప్పుడు నల్లబల్ల మీద ఒక పొడవాటి వంకర గీత గీశారు. ఆ చివర బస్తర్ అడవుల్లో బైలదిల్లా కొండలు, ఈ చివర మన రేవు. మధ్యలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం. అనంతగిరి కొండలను తొలుచుకుంటూ, అరకు మీదుగా, 58 సొరంగాలు. ఆ సొరంగాలన్నీ మనం అరకు వెళ్లి వెదురు చికెన్ తినడానికి తవ్వలేదన్నమాట. ఈ రాయిని జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి అది. జపాన్‌లో ఉక్కు కొలుములు ఉన్నాయి, వాటికి చాలినంత ఖనిజం లేదు. మన దగ్గర ఖనిజం ఉంది, చాలినన్ని కొలుములు లేవు.

మా తరగతిలో ఒక షావుకారు గారి అబ్బాయి ఉండేవాడు. వాళ్లింట్లో జపాన్ టేపు రికార్డరు ఉందని రోజుకోసారైనా చెప్పేవాడు. మాస్టారు వాడిని లేపి, "మన రాయి ఓడల లెక్కన వెళ్తుంది, వాళ్ల టేపు రికార్డరు ఒక్కొక్కటిగా వస్తుంది. మరి ఎవరికి లాభం?" అని అడిగారు. ఎగుమతి, దిగుమతి, ముడిసరుకు, తయారీ సరుకు. పుస్తకంలో నాలుగు పేజీల్లో ఉన్న ఈ మాటలు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడిపోయాయి. ఆ కంచరపాలెం కుర్రాడికి మాత్రం ఆ రోజు నుంచి 'బైలదిల్లా' అన్న పేరు ఖాయమైంది. వాడి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు.

జపాన్ అనగానే మాస్టారు ఇంకో దారిలోకి వెళ్లిపోయేవారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు ఆయనకు నాలుగేళ్లు. ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది. వాళ్ల కుటుంబం ఎడ్లబండి ఎక్కి లోపలి పల్లెలకు పారిపోయింది. ఆయనకు గుర్తున్నదల్లా బండిలో తన పక్కన పెట్టిన ఆవకాయ జాడీ, అది ఒలకకుండా రాత్రంతా పట్టుకుని కూర్చున్న వాళ్ల నానమ్మ. "ఆ విమానాలు వచ్చిన దేశానికే ఇప్పుడు ఈ రాయి పంపుతున్నాం," అని నవ్వేవారు. అందులో కోపం ఉండేది కాదు. దేశాల మధ్య స్నేహాలు, పగలు ఎంతకాలం నిలుస్తాయో ఒక్కో ఏడాది వేసి చూపించేవారు, అంతే.

తర్వాత ఆరేళ్లకు, 1948 మార్చిలో, సింధియా షిప్‌యార్డులో కట్టిన 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి విడిచిన రోజున ఆయన వాళ్ల నాన్న చేయి పట్టుకుని వెళ్లారట. "నెహ్రూ కనిపించలేదు. నా ముందు ఒకాయన తలపాగా కనిపించింది. ఓడ జారడం మాత్రం చూశాను." ఈ సంగతి మాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు. తలపాగా రంగు మాత్రం ఒక్కోసారి ఒక్కోలా ఉండేది.

ఉక్కు ఉద్యమం గురించి అడిగితే మాత్రం గొంతు తగ్గేది. 1966లో ఆయన ఉద్యోగంలో చేరిన కొత్త. 'విశాఖ ఉక్కు–ఆంధ్రుల హక్కు' అని గోడల నిండా రాసిన రోజులు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయని చెప్పి, కిటికీలోంచి కాసేపు బయటకు చూసి, "తర్వాత పాఠం తీయండి" అనేవారు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. మేము చదువుకుంటున్నప్పటికి కర్మాగారం ఇంకా కడుతూనే ఉన్నారు. 1992లో జాతికి అంకితం చేసే సమయానికి బైలదిల్లా అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. వాడు జేబులో మోసుకొచ్చిన రాయి చివరికి వాడి కొలిమికే వచ్చి చేరింది.

*

మా తరగతిలో రాష్ట్ర పటం ఒకటి ఉండేది. గుడ్డ మీద అంటించి వార్నిషు పూసింది, పైనా కిందా కర్రలు. విప్పితే వార్నిషూ బొద్దింకలూ కలిసిన ఒక వాసన వచ్చేది. అందులో విజయనగరం జిల్లా లేదు. 1979లో ఆ జిల్లా ఏర్పడింది గానీ, మా బడికి కొత్త పటం రాలేదు. మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో తనే సరిహద్దు గీశారు. పెన్సిల్ కాస్త జారి చీపురుపల్లి దగ్గర వంపు ఎక్కువైంది. పరీక్షలో అందరం ఆ వంపుతోనే గీశాం.

"జిల్లా అంటే దేవుడు పెట్టిన కొండ కాదర్రా. ఎవరో బల్ల దగ్గర కూర్చుని గీసినది," అనేవారు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా జయపురం, కోరాపుట్ దాకా ఉండేదనీ, 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ ముక్క అటు వెళ్లిందనీ, 1950లో శ్రీకాకుళం విడిపోయిందనీ చెబుతూ పటం మీద చూపుడువేలుతో ఒక్కొక్క ముక్కా చెరిపేసేవారు. మేము పదిలోకి వచ్చేసరికి తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ, "ఇక ఇది నా వల్ల కాదు," అన్నారు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ విడిపోయినప్పుడు ఆయనకు ఫోను చేశాను. యలమంచిలి దగ్గర ఉన్న మా అమ్మమ్మ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అవతలి నుంచి మాస్టారు, "ఎర్ర పెన్సిల్ ఉందా ఇంట్లో?" అని అడిగారు.

అల్లూరి పేరు వచ్చింది కనుక ఇంకో ముక్క. ఆ పాఠం కోసం మేము ఏడాదంతా ఎదురుచూసేవాళ్లం. బాణాలు, గుర్రం, మారువేషాలు. మాస్టారు అవేమీ ముందు చెప్పరు. 1882 నాటి అడవి చట్టంతో మొదలుపెడతారు. పోడు కొట్టుకుని బతికేవాడికి అది నేరం అని ఒక కాగితం చెప్పింది. రోడ్డు పనికి తీసుకెళ్లి సరిగా కూలి ఇవ్వలేదు. ఇవన్నీ అయ్యాకే 1922 ఆగస్టు వస్తుంది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు. మాకు విసుగ్గా ఉండేది. యుద్ధం చూపిస్తానని పిలిచి కరణం గారి లెక్కలు చదివినట్టు అనిపించేది. నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్న పాఠం మాత్రం అదొక్కటే.

*

ఒక ఆదివారం తెల్లవారుజామున మమ్మల్ని జాలారిపేట ఒడ్డుకు తీసుకెళ్లారు. విహారయాత్ర అనుకుని కొందరు టిఫిన్ డబ్బాలతో వచ్చారు. చీకటి పూర్తిగా పోలేదు. తెప్పలు ఒక్కొక్కటిగా ఒడ్డెక్కుతున్నాయి. మనుషులు 'హైలెస్సా' అంటూ కర్రలు భుజాన వేసుకుని లాగుతున్నారు. తడి ఇసుకలో గోనెపట్టాల మీద చేపలు కుప్పలుగా పోశారు. కవ్వళ్లు వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. పక్కన కనగర్తలు. వంజరం రెండే రెండు. వాటి చుట్టూ మాత్రం జనం.

వేలం పాట మొదలైంది. పాడేది ఆడవాళ్లే. నడుము దగ్గర కొంగు దోపుకుని, గంప పక్కన పెట్టుకుని, ఒక కన్ను కుప్ప మీద, ఒక కన్ను సముద్రం మీద. సముద్రం మీద ఎందుకంటే వెనక ఇంకెన్ని తెప్పలు వస్తున్నాయో లెక్క కోసం. రెండు తెప్పలే ఉన్నప్పుడు ఒక కుప్పకు పలికిన ధర, అరగంటలో ఏడెనిమిది తెప్పలు ఒడ్డు చేరేసరికి సగానికి పడిపోయింది. మాస్టారు మా చేత నోటు పుస్తకాల్లో రాయించారు, ఒక పక్క తెప్పల సంఖ్య, ఒక పక్క ధర. "సరఫరా పెరిగితే ధర తగ్గుతుంది. చూశారా!" అని ఆయన ముఖం వెలిగిపోయింది.

అప్పుడు పక్కన వల విదిలించుకుంటున్న ఒక ముసలాయన తల ఎత్తకుండానే అన్నాడు. "ధర మా చేతిలో ఎక్కడుంది బాబూ. వలకు అప్పు ఇచ్చినాయన ఎంతంటే అంత. ఆయనకు తప్ప ఇంకొకరికి అమ్మకూడదు."

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. ఆ కుప్పకు నిజంగానే వేలం జరగలేదు. ఒకాయన వచ్చి చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని తీసుకెళ్లిపోయాడు. మేము రాసుకున్న పట్టికలో ఆ కుప్పకు గడి లేదు. "రాయండి," అన్నారు మాస్టారు. "కింద ఒక గీత గీసి, అప్పు అని రాయండి." సోమవారం క్లాసులో గిరాకీ, సరఫరా పాఠం చెప్పి, పుస్తకంలో లేని అప్పు పాఠం ఇంకో గంట చెప్పారు. వడ్డీ అంటే ఏమిటో, బ్యాంకు ఎందుకు కావాలో, బ్యాంకు ఉన్నా ఆ ముసలాయన అందులోకి ఎందుకు వెళ్లడో. ఆ మూడోదానికి ఆయన దగ్గరా సరైన జవాబు లేదు, లేదనే చెప్పారు.

మా బట్టలకు అంటిన చేపల వాసన మాత్రం మంగళవారం దాకా పోలేదు. ఇంట్లో మా నాయనమ్మ నన్ను పెరట్లోనే నిలబెట్టి నీళ్లు పోసింది.

*

పన్ను పాఠం ఒక సినిమా టికెట్టుతో అయిపోయింది. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన కొత్త. 1983లో మొదలైన ఆ పథకంతో మా వీధిలో కోటా దుకాణం ముందు క్యూ మలుపు తిరిగి వెళ్లేది. జనం రాకముందే ఇటుకరాళ్లూ సంచులూ వరసలో నిలబడేవి. మిగతా డబ్బు ఎవరు కడుతున్నారని మాస్టారు అడిగితే, "రామారావు గారండీ" అని ఏకకంఠంతో అన్నాం. ఆయన జేబులోంచి టికెట్టు ముక్క తీసి, అసలు ధర ఇంత, వినోదపు పన్ను ఇంత అని అచ్చయిన చోటు చూపించారు. "నిన్న మ్యాట్నీకి వెళ్లి నేనే కట్టాను." మాస్టారు మ్యాట్నీకి వెళ్తారన్న సంగతే మాకు పెద్ద వార్త. పన్ను సంగతి తర్వాత ఎక్కింది.

రేవుకు ఎదురుగా మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. 'భిన్నత్వంలో ఏకత్వం' అన్న అయిదు మార్కుల ప్రశ్నకు ఈ మూడు కొండలూ రాస్తే చాలు, మార్కులు పడేవి. మాస్టారికి ఆ జవాబు చదివి చదివి మొహం మొత్తినట్టుంది. "రాయడం కాదు, మూడూ ఎక్కి మెట్లు లెక్కపెట్టి రండి" అన్నారు. వెళ్లాం. దర్గా దగ్గర మల్లెపూల చాదర్లు, అగరుబత్తి పొగ. గుడిలో పులిహోర. చర్చి ముందు మెట్ల మీద కూర్చుంటే కింద కాలువలో ఓడ ఒకటి ఇంచి ఇంచి జరుగుతూ లోపలికి వచ్చింది, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. అది చూస్తూ లెక్క మరిచిపోయాం. సోమవారం ఒకే కొండకు ఏడుగురం ఏడు లెక్కలు చెప్పాం.

మాస్టారు అన్నీ నల్లబల్ల మీద రాశారు. ఎవరిది సరైనదో చెప్పలేదు. ఎవరు ఎక్కుతూ లెక్కపెట్టారు, ఎవరు దిగుతూ, ఎవరు మధ్యలో పులిహోర కోసం ఆగారు, ఎవరు అసలు వెళ్లకుండా పక్కవాడిది చూసి రాశారు, ఇవన్నీ అడిగారు. "నిన్నటి మెట్లకే ఇలా ఉంటే, అయిదు వందల ఏళ్ల కిందటి సంగతి చెప్పేవాడిని ఎన్ని అడగాలి?" అన్నారు. తర్వాత సింహాచలం తీసుకెళ్లినప్పుడు శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడని పుస్తకంలో ఉన్న మాటను నమ్మమనలేదు, శాసనం ముందు నిలబెట్టారు. రాతి మీద అక్షరాలు మాకు ఒక్కటీ అర్థం కాలేదు. వేలితో తడిమితే చల్లగా ఉన్నాయి.

*

ఇక ఎన్నిక.

తరగతి నాయకుడిని మాస్టారు నియమించడం మా బడి ఆనవాయితీ. ఈయన మాత్రం పోలింగ్ పెట్టారు. ఎన్నికల డ్యూటీ మీద బ్యాలెట్ పెట్టెలు మోయించుకుని మన్యం ఊళ్లకు నడిచి వెళ్లిన మనిషి. బూత్ అంటే ఎలా ఉంటుందో మాకూ చూపాలనుకున్నారు. సుద్దముక్కల పెట్టెకు చీలిక పెట్టి బ్యాలెట్ పెట్టె చేశారు. ఇద్దరు అభ్యర్థులు, గుర్తులు గాలిపటం, కుండ. బ్రిల్ సిరాలో అగ్గిపుల్ల ముంచి ఎడమ చూపుడువేలికి చుక్క. నల్లబల్లను మూలకు జరిపి, దాని వెనక చాటు. తెల్లకాగితాలు కత్తిరించి బ్యాలెట్లు తయారుచేసే పని నాది.

లెక్క పెడితే నలభై ఒకటి. తరగతిలో ఉన్నది ముప్ఫై ఎనిమిది మంది.

మాస్టారు మళ్లీ లెక్కపెట్టారు. నలభై ఒకటే. బెత్తం కోసం చూస్తారనుకుని అందరం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. ఆయన నల్లబల్ల మీద 'ఓటర్లు 38, ఓట్లు 41' అని రాసి, "ఇప్పుడేం చేద్దాం?" అని అడిగారు. గెలిచినవాడి నుంచి మూడు తీసేయమన్నారు కొందరు. ఓడినవాడి నుంచి తీసేయమన్నాడు గెలిచినవాడు. మీరే ఎవరో ఒకరిని చెప్పండి మాస్టారూ అన్నారు మిగిలినవాళ్లు. "నేనే చెప్పేదానికి ఇంత తతంగం ఎందుకర్రా?" అన్నారాయన. మర్నాడు రీపోలింగ్. ఈసారి ప్రతి కాగితం వెనకా ఆయన సంతకం ఉంది. నిజం ఎన్నికల్లోనూ ప్రిసైడింగ్ అధికారి అలాగే సంతకం పెడతారని చెబుతూ, నన్ను పిలిచి సిరా సీసా నా చేతికిచ్చారు. అందరి వేళ్ల మీదా చుక్క పెట్టే బాధ్యత నీదే అన్నారు. నా కళ్లలోకి చూడలేదు.

అదనంగా పడిన ఆ మూడింటిలో ఒకటి నాదే. కత్తిరించినప్పుడు ఒక కాగితం ఎక్కువ మిగిలింది, నా స్నేహితుడిది కుండ గుర్తు. ఇంతకీ రీపోలింగ్‌లో కుండ ఓడిపోయింది.

ఓటు వయసు అప్పట్లో ఇరవై ఒకటి. "మీకు ఇంకా ఎనిమిదేళ్లుంది, అప్పటికి బుద్ధి వస్తుంది," అనేవారు. మధ్యలో 1989లో 61వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి పద్దెనిమిదికి తగ్గింది. ఆ నవంబరులోనే నా మొదటి ఓటు. లోక్‌సభకు ఒక కాగితం, అసెంబ్లీకి ఒక కాగితం. రెండింటినీ మడుస్తుంటే చేతులు వణికాయి. బూత్ అధికారి వెనకవైపు సంతకం ఉందో లేదో చూసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన నుంచి పదిహేను పైసల కార్డు ఒకటి వచ్చింది. భీమిలి దారిలో తొట్లకొండ మీద తవ్వకాలు సాగుతున్నాయి. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన ఆ చోట స్తూపాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, శాతవాహనుల సీసపు నాణేలు, రోము నుంచి వచ్చిన వెండి నాణేలు దొరికాయి. కార్డు మీద చిన్న అక్షరాలతో ఇలా రాశారు: "శాతవాహనుల పాఠం మీకు మూడేళ్లు చెప్పాను. భీమిలి బస్సులో ఎన్నిసార్లు వెళ్లాం. అందరం కుడివైపు సముద్రం చూశాం. ఎడమవైపు ఒక్కరమూ చూడలేదు. ఈసారి వచ్చినప్పుడు ఎడమవైపు కూర్చో."

*

భోజనాల్లో నా పక్క ఆకు ముందు కూర్చున్నది బైలదిల్లా. జుట్టు తెల్లబడింది. ఇంకో వరసలో మా తరగతివాళ్లే అయిదారుగురు. గారెలు వడ్డిస్తుంటే వాడు నా వైపు వంగి, "ఒక మాట చెప్పనా. ఆ ఎన్నికలో దొంగ ఓటు నాదే," అన్నాడు.

"ఎన్ని?"

"ఒక్కటే. నీ పెట్టెలోంచి కాగితం కొట్టేశాను."

నేను నాది చెప్పాను. వాడు గారె అక్కడే ఆపి లెక్క వేసుకున్నాడు. మరి మూడోది?

ఇద్దరం ఎదుటి వరస వైపు చూశాం. షావుకారు గారి అబ్బాయి తల వంచుకుని శ్రద్ధగా పప్పు కలుపుకుంటున్నాడు. గాలిపటం గుర్తువాడు మంచినీళ్లు అడుగుతున్నాడు. గుమ్మం దగ్గర ఎవరో రాయిని పక్కకు తన్నినట్టున్నారు, తలుపు దబ్బున కొట్టుకుంది. అక్కయ్యగారు వెళ్లి రాయిని మళ్లీ అడ్డం పెట్టి, చేయి చీర కుచ్చెళ్లకు తుడుచుకుంటూ వచ్చారు.

"మాస్టారే వేసి ఉంటారు," అన్నాడు బైలదిల్లా. "పాఠం చెప్పడానికి."

నాకు అలా అనిపించలేదు. వాడితో వాదించేలోపు పాయసం వచ్చింది.